పాత పెంకుటింటికి కొత్త కప్పు: పని ఎవరి చేతిలో పెట్టాలి?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి కప్పు మీద సగానికి పైగా పెంకులు తెల్లారేసరికి లేవు. తాతగారు కట్టించిన ఇల్లు. దూలాలు నిలిచాయి, వాసాలు కొన్ని విరిగాయి, మిగతాదంతా పెరట్లో ముక్కలు. ఆ వారం ఊళ్ళో టార్పాలిన్ దొరకలేదు, మేస్త్రిలు దొరకలేదు, రోజూ మబ్బు పడుతుంటే అమ్మ బియ్యం బస్తాలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్పిస్తూ ఉండేది. అలాంటప్పుడు లారీలో రేకులు వేసుకుని ఒకాయన వచ్చాడు. చదరపు అడుగుకి ఇంత అన్నాడు, సగం డబ్బు ముందు ఇమ్మన్నాడు, మూడు రోజుల్లో అయిపోతుందన్నాడు. నిజంగానే మూడు రోజుల్లో అయిపోయింది. తర్వాతి ఏడాది ఆషాఢంలో ప్రతి హుక్కు కిందా ఒక చుక్క పడింది, చూరు దగ్గర రేకులు గాలికి రాత్రంతా కొట్టుకునేవి, ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. మూడు వానాకాలాలు బకెట్లు పెట్టుకుని బతికి, 2022లో అంతా విప్పి మళ్ళీ వేయించాం. ఒకే కప్పుకి రెండుసార్లు డబ్బు పెట్టాం.

రెండోసారి పని ఇచ్చేముందు ఐదుగురితో మాట్లాడాను, వాళ్ళు చేసిన ఇళ్ళు తిరిగి చూశాను. అప్పటి నుంచి బరంపురం, గుణుపురం, రాయగడ చుట్టాలు ఎవరింట్లో కప్పు పని వచ్చినా నాకు ఫోన్ చేస్తారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది రేటు. రేటు చివర అడగాల్సిన విషయం. మొదట తేల్చుకోవాల్సింది మీ గోడలు ఏ కప్పుని మోయగలవు అన్నది, ఎందుకంటే దాన్ని బట్టే ఎవరిని పిలవాలో తెలుస్తుంది. మన వైపు పాత ఇళ్ళలో చాలావాటికి గోడలు మట్టివి, లేదా ఇటుకే అయినా మట్టి అడుసుతో పేర్చినవి. 600 చదరపు అడుగుల ఇంటికి ఐదు అంగుళాల శ్లాబ్ వేస్తే కాంక్రీటు బరువే 17 టన్నులు దాటుతుంది. అదే ఇంటికి 0.50 ఎంఎం ఇనప రేకులైతే 400 కిలోలు కూడా ఉండవు, కింద పైపుల బరువు కలిపినా శ్లాబుకి దగ్గరలోకి రాదు. కాబట్టి ఇంటికి వచ్చి, గోడ ఎక్కడా గీకి చూడకుండా, పునాది ఎంత లోతు అని అడగకుండా, "ఎందుకమ్మా రేకులు, శ్లాబ్ వేసేద్దాం, పైన ఇంకో పోర్షన్ వేసుకోవచ్చు" అన్నవాడిని అక్కడే పంపించేయండి. వాడు ఎంత మంచి మాటకారి అయినా సరే. శ్లాబే కావాలనుకుంటే కొత్తగా పునాది తవ్వి పిల్లర్లు లేపాలి, అది కప్పు మార్చడం కాదు, సగం ఇల్లు కట్టడం. దానికి సివిల్ ఇంజనీరు గీసిన కాగితం లేకుండా దిగకండి.

ఇక మన వైపు ఈ పని చేసేవాళ్ళు నాలుగు రకాలు.

మొదటివాడు మన ఊరి మేస్త్రి. సామాను మనం కొనిస్తాం, అతను కూలి మాట్లాడుకుని చేస్తాడు. నాకు ఎప్పుడూ ఇదే మొదటి ఇష్టం, ఎందుకంటే అతని ఇల్లు మనకి తెలుసు, మన ఇల్లు కారితే సంతలో ఎదురుపడినప్పుడు అతనికి తలెత్తుకోవడం కష్టం. ఆ మొహమాటం పెద్ద గ్యారంటీ. కానీ ఇక్కడ మీ శ్రమ ఎక్కువ. సిమెంటు, రాడ్డు, ఇసుక, రేకులు, స్క్రూలు అన్నీ మీరే తిరిగి కొనాలి, లెక్క తప్పితే నష్టం మీది, పని మధ్యలో రెండు మూటలు తక్కువైతే పరుగెత్తాల్సింది మీరే. ఇంట్లో రోజంతా నిలబడి చూసే మనిషి ఒకరు లేకపోతే ఈ పద్ధతి పెట్టుకోవద్దు. పెంకు నేయించడమే అయితే మాత్రం ఇతన్ని తప్ప ఎవరినీ పిలవకండి, ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు పెద్ద వయసువాళ్ళే మిగిలారు.

రెండోవాడు సామానుతో సహా మొత్తం ఒప్పుకునే కాంట్రాక్టరు, మన ఒడియా ఇరుగుపొరుగు మాటలో ఠికాదారు. ఉద్యోగాల మీద సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి ఊళ్ళో ఇల్లు బాగు చేయించేవాళ్ళకి ఇది తప్పదు. సౌకర్యం నిజమే. చిక్కల్లా ఒక్కటే, అతని లాభం అంతా మీరు చూడని చోట ఉంటుంది: రేకు మందం, రాడ్డు సైజు, సిమెంటు కలిపే పాళ్ళు. కాబట్టి ఇతనితో కాగితం ఎంత వివరంగా ఉంటే అంత నిద్ర.

మూడోవాడు వెల్డింగ్ షాపు ఫ్యాబ్రికేటరు. ఇనప పైపులతో ఫ్రేము కట్టి పైన కలర్ కోటెడ్ రేకు బిగించే పని వీళ్ళది. రేకుల పనికి వీళ్ళ చేయి మేస్త్రి చేయి కంటే శుభ్రంగా ఉంటుంది, కొలత తప్పరు. కానీ ఫ్రేము గోడతో కలిసే చోట వీళ్ళకి పట్టదు. పైపుని గోడ మీద ఊరికే కూర్చోబెట్టి నాలుగు వైపులా కాస్త సిమెంటు పూస్తారు, అంతే. తుపానులో కప్పు మొత్తం ఒక్క ముక్కగా లేచిపోయేది ఇలాంటి ఇళ్ళలోనే. గోడ పైన చుట్టూ కాంక్రీటు బెల్టు వేసి, అందులోంచి లేచిన బోల్టులకి ఫ్రేము బిగించమని అడగండి. ఆ బెల్టు పని ఎవరిది, షాపువాడిదా మేస్త్రిదా అన్నది ముందే తేల్చండి, లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

నాలుగోది ఇంజనీరు పర్యవేక్షణ. శ్లాబ్ అయితే, పైగా పిల్లర్లతో అయితే, దీని ఖర్చు దండగ కాదు. ఇంజనీరు రోజూ రాకపోయినా ఫర్వాలేదు, రాడ్డు కట్టాక కాంక్రీటు పోయకముందు ఒకసారి, పోసే రోజు ఒకసారి వస్తే చాలు. ఆ రెండు రోజులకైనా డబ్బిచ్చి పిలిపించండి.

మరి నలుగురిలో నమ్మకస్తుడెవరో ఎలా తెలుస్తుంది? నేను అడిగేది ఒకే ప్రశ్న: "మూడు వానాకాలాలు దాటిన మీ పని ఒకటి చూపించండి." పోయిన నెల వేసిన కప్పు ఎవరిదైనా బాగుంటుంది, దాని ఫోటోలు ఫోన్‌లో వంద ఉంటాయి. మూడేళ్ళ కిందటి ఇంటి అడ్రసు చెప్పడానికి తడబడితే ఇక మాట్లాడాల్సిన పని లేదు. చెబితే అతను లేకుండా మీరు ఒక్కరే వెళ్ళండి. ఇంటాయన్ని కాదు, ఇంటావిడని అడగండి, ఎక్కడెక్కడ గిన్నె పెట్టాలో ఆవిడకే తెలుసు. సీలింగ్ మీద గోధుమ రంగు మరకలు, గోడ పై అంచున పాకుడు, శ్లాబ్ కింద రాడ్డు గీతల వెంట పెచ్చులు లేచాయేమో చూడండి. ఇంకో మాట తప్పక అడగండి: "కారినప్పుడు పిలిస్తే వచ్చాడా?" కారడం మంచి పనివాడికీ జరుగుతుంది. పిలిస్తే వచ్చి ఎక్కి చూసినవాడు దొరికితే వదులుకోకండి. మేము 2022లో ఎంచుకున్న మేస్త్రి గారు ఐదుగురిలో తక్కువ రేటువాడు కాదు. ఆయన చేసిన ఇంటికి వెళ్తే ఆ ఇంటి ముసలమ్మ గారు, "ఒకసారి కారింది నాయనా, మర్నాడే వచ్చి సరిచేశాడు, డబ్బులు పుచ్చుకోలేదు" అన్నారు. మేము నిర్ణయించుకుంది ఆ మాట మీదే.

ఇప్పుడు రేటు. ముగ్గురు మూడు రేట్లు చెబితే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చలేరు, ఎందుకంటే ముగ్గురూ మూడు వేరు వేరు పనులకి చెబుతున్నారు. ఒకడి రేటులో పాత పెంకులు దింపడం, చెత్త ఎత్తించడం ఉంటుంది, ఇంకొకడిది ఉండదు. ఒకడు వాటర్‌ప్రూఫింగ్ కలిపి చెబుతాడు. ఒకడు 0.50 రేకు లెక్కేస్తే ఇంకొకడు మనసులో 0.40 పెట్టుకుంటాడు, పైనుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. అందుకని మీరే ఒక కాగితం మీద పని మొత్తం రాసి, అదే కాగితం ముగ్గురికీ ఇచ్చి రేటు వేయమనండి. అప్పుడు తేడా ఎక్కడుందో కనిపిస్తుంది.

రేకుల పనికి ఆ కాగితంలో ఏం రాయాలంటే: రేకు మందం ఎంత, అది పూత కలిపిన మందమా, పూత లేకుండా ఇనుము మందమా. రేకు మీద అచ్చు ఉంటుంది చూడండి, లేకపోతే షాపులో మైక్రోమీటర్ పెట్టి కొలిపించండి. హుక్కులా, స్క్రూలా, వాటికి రబ్బరు వాషరు ఉందా. మా మొదటి కప్పు కారింది ఆ వాషర్లు లేకనే. రేకుల చివరలు ఒకదాని మీద ఒకటి కనీసం ఆరు అంగుళాలు ఎక్కాలి. మన తీరం బలమైన తుపాను గాలుల లెక్కలోకి వచ్చే ప్రాంతం, సెకనుకి 50 మీటర్ల గాలి అని కోడ్ (కట్టడాలకి పాటించాల్సిన ప్రమాణం) చెబుతుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2013 అక్టోబర్ 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను దానికంటే ఎక్కువే తెచ్చింది. గాలి కప్పుని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది, ఆ లాగుడు చూరు దగ్గర, మూలల్లో, రెండు వాలులు కలిసే నడికప్పు దగ్గర మరీ ఎక్కువ. కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, చూరు గోడ దాటి అడుగున్నర కంటే బయటికి పోకూడదు. వరండా నీడ కోసం చూరు మూడడుగులు లాగమని మనమే అడుగుతాం, అది గాలికి మనమే పట్టు ఇవ్వడం. వరండాకి వేరే చిన్న కప్పు వేయించుకోండి, పోతే అది ఒక్కటే పోతుంది. హుక్కులతోనే బిగిస్తానంటే జె ఆకారం హుక్కులు వద్దు, యు బోల్టులు పెట్టమనండి, గాలికి జె హుక్కు సాగి విడిపోతుంది. ఈ విషయం చెబితే "ఇదంతా ఎవరు చేస్తారు" అని కసురుకునేవాడికి, "సరే, బోల్టుకి ఇంత అవుతుంది" అనేవాడికి మధ్య ఎవరిని ఎంచుకోవాలో మీకే అర్థమవుతుంది. గోపాలపురం, ఛత్రపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉంటే స్క్రూల నాణ్యత మీద పిసినారితనం వద్దు, ఉప్పు గాలికి రేకు కంటే ముందు స్క్రూ తల పోతుంది.

పాత కప్పు సిమెంటు రేకులదైతే, అంటే ఆస్బెస్టాస్ అయితే, ఇంకో జాగ్రత్త ఉంది. సుత్తితో పగలగొట్టి కిందికి విసిరేవాడికి పని ఇవ్వకండి. ఆ దుమ్ములో కంటికి కనిపించని నారలుంటాయి, ఊపిరితిత్తుల్లోకి పోతే కొన్ని దశాబ్దాల తర్వాత క్యాన్సర్ తెచ్చే రకం. నీళ్ళు చల్లి, తడిగా ఉండగానే, బోల్టులు విప్పి ముక్కలు కాకుండా దింపాలి, దింపేవాళ్ళు మంచి మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని ఆ రోజు వేరే ఇంటికి పంపేయాలి.

శ్లాబ్ అయితే గొడవంతా మూడు నాలుగు చోట్ల వస్తుంది. కంబీ (రాడ్డు) తూకం చూడండి: 12 మీటర్ల 10 ఎంఎం రాడ్డు సుమారు 7.4 కిలోలు, 8 ఎంఎం అయితే సుమారు 4.7 కిలోలు ఉండాలి, బాగా తగ్గితే తిప్పి పంపండి. రాడ్డు కింద కవర్ బ్లాకులు (రాడ్డుని అడుగు నుంచి కాస్త ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) పెట్టాలి, కంకర రాయి ముక్క పెట్టి సరిపెడితే కాంక్రీటు పోసేవాళ్ళు తొక్కగానే అది జారిపోతుంది, రాడ్డు సెంట్రింగ్ రేకుకి (కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే అచ్చుకి) ఆనుకుంటుంది, నాలుగేళ్ళకి పెచ్చులూడతాయి. ఫ్యాన్ బాక్సులు, కరెంటు పైపులు పోయకముందే పడ్డాయా చూసుకోండి. పోసేటప్పుడు కాంక్రీటు సులువుగా జారాలని కూలీలు నీళ్ళు ఎక్కువ కలుపుతారు. సిమెంటు మూటకి 25 నుంచి 27 లీటర్లు దాటకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. వైబ్రేటరు (కాంక్రీటుని కుదిపి సర్దే మిషను) తెస్తానని ఒప్పుకున్నవాడు నిజంగా తెచ్చాడా అన్నది పోత మొదలవ్వకముందు చూడాలి, తర్వాత అడిగి లాభం లేదు.

అన్నిటికంటే పెద్ద గొడవ సెంట్రింగ్ విప్పే దగ్గర. ప్లేట్లు, జాకీలు రోజు లెక్కన అద్దెకి తెస్తారు, లేదా ఇంకో సైటులో కావాల్సి ఉంటుంది, కాబట్టి కాంట్రాక్టరుకి తొందర. కాంక్రీటు పనికి దేశమంతటికీ ఉన్న ఐఎస్ 456 కోడ్ ప్రకారం, గోడల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న శ్లాబుకి కింద ఆధారాలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, దూలాలకి 6 మీటర్ల లోపు 14 రోజులు, పైన 21 రోజులు ఉండాలి. ఇది మామూలు ఓపీసీ సిమెంటు లెక్క. కొట్లో మీకు ఇచ్చింది బూడిద కలిపిన పీపీసీయో, స్లాగ్ కలిపిన పీఎస్‌సీయో అయితే బలం నెమ్మదిగా వస్తుంది, ఇంకొన్ని రోజులు ఉంచమనండి. నీళ్ళు పెట్టడం కూడా ఓపీసీకి కనీసం 7 రోజులు, మిగతా రెండిటికీ కనీసం 10 రోజులు. మా వైపు ఎండకి నేనైతే 14 రోజులు కట్ట కట్టి నీళ్ళు నిలబెట్టమంటాను. ఇదంతా ముందే కాగితం మీద ఉంటే ఐదో రోజు ఉదయం జాకీలు లాగడానికి మనుషులు వచ్చినప్పుడు మీరు గొడవ పడక్కర్లేదు, కాగితం చూపిస్తే చాలు.

సరిహద్దు విషయం కూడా చెప్పాలి. పర్లాకిమిడి పక్కనే పాతపట్నం, బరంపురానికి దిగువన ఇచ్చాపురం, అక్కడి మేస్త్రిలు మన దగ్గరకి రోజూ వస్తారు, భాష కలుస్తుంది, పని కూడా చాలామందిది బాగుంటుంది. "ఆంధ్రావాడు, రేపు కనబడకపోతే ఏ పోలీసు దగ్గరకి వెళ్తాం" అని భయపడేవాళ్ళుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఆ భయం కొంత తీరింది, మీరు ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అతను ఏ రాష్ట్రంవాడైనా సరే. ఇల్లు కట్టే పని సేవ కిందికే వస్తుంది, మీరిచ్చిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది, కారణం పుట్టిన రెండేళ్ళ లోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి సలహా అడగవచ్చు. కానీ ఇవన్నీ చేతిలో కాగితం, డబ్బు ఇచ్చిన ఆధారం ఉంటేనే నడుస్తాయి. కాబట్టి అగ్రిమెంటు ఇద్దరూ చదవగలిగే భాషలో రాయించండి, అతనికి ఒడియా రాకపోతే తెలుగులో, మీకు తెలుగు చదవడం రాకపోతే ఒడియాలో (మా పిల్లలు ఒడియా బడిలో చదివి తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, అందుకే అంటున్నాను). ఆధార్ కాపీ తీసుకోండి, డబ్బు వీలైనంత ఫోన్ ద్వారానో బ్యాంకులోనో ఇవ్వండి, చేతికిస్తే సంతకం పెట్టించుకోండి.

డబ్బు ఇచ్చే తీరులో నా లెక్క ఇది. మొదట పదో వంతు, ఎక్కువలో ఎక్కువ ఐదో వంతు. సామాను వచ్చి మీ వాకిట్లో పడ్డాక కొంత, ఫ్రేమో సెంట్రింగో అయ్యాక కొంత, కప్పు పూర్తయ్యాక కొంత. చివరి పదో వంతు ఒక పెద్ద వాన కురిసి చూశాకే. సగం ముందు ఇమ్మన్నవాడు మీ డబ్బుతో ఇంకొకరి పాత పని పూర్తి చేస్తున్నాడేమో ఆలోచించండి. చివరి పదో వంతు ఆపడానికి ఒప్పుకోనివాడికి తన పని మీద తనకే నమ్మకం తక్కువ. మంచి పనివాడికి ఆ ఆపిన డబ్బు సరిగ్గా ఇచ్చేయడం మన బాధ్యత కూడా, వాన చూశాక కూడా నాన్చేవాళ్ళ వల్లే మేస్త్రిలు ఎవరినీ నమ్మడం మానేశారు.

కూలీల గురించి కూడా అడగండి. కప్పు మీంచి పడితే నడుం విరుగుతుంది, ప్రాణమే పోవచ్చు. తాడు, నిచ్చెన సరిగ్గా ఉన్నాయా, వాళ్ళకి నిర్మాణ కార్మికుల కార్డు ఉందా, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్నది అగ్రిమెంటులో ఒక వాక్యం ఉండాలి. ఇది అడిగితే మొహం చిట్లించేవాడు తన మనుషుల్నే చూసుకోనివాడు, మీ ఇంటిని ఏం చూసుకుంటాడు?

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి. మన దగ్గర వాన జూన్ నడిమికి వస్తుంది, తుపాను భయం అక్టోబర్‌లో. సంక్రాంతి దాటగానే మాట్లాడుకుని ఫాల్గుణంలో మొదలుపెడితే బాగుంటుంది, ఎండ ఉంటుంది, తొందర ఉండదు. "రథయాత్ర లోపు చేసేస్తా" అన్నవాడు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి, మే చివర మొదలుపెడితే కప్పు విప్పిన ఇంట్లో వాన చూస్తారు. గంజాం జిల్లా నుంచి చేయి తిరిగిన కుర్రాళ్ళు చాలామంది సూరత్ వెళ్ళిపోతారు, పండక్కి వచ్చినవాళ్ళు ఉన్నప్పుడే పని పెట్టుకుంటే మనుషులు దొరుకుతారు. తుపాను పోయిన వారంలో మాత్రం పూర్తి కప్పు ఎవరికీ ఒప్పుకోకండి. టార్పాలిన్ కట్టించుకోండి, పోయిన పెంకుల చోట నాలుగు రేకులు తాత్కాలికంగా వేయించుకోండి, కూలి ఇచ్చి పంపేయండి. అసలు పని రెండు నెలలు ఆగి చేయించుకోవచ్చు. మేము ఆ రెండు నెలలు ఆగి ఉంటే రెండోసారి డబ్బు పెట్టే పని ఉండేది కాదు.

మట్టి గోడల పాత ఇల్లు, ఇంట్లో మగ్గమో కొట్టో ఉండి రోజంతా ఎవరో ఒకరు ఉండేవాళ్ళకైతే ఊరి మేస్త్రితో కూలి పద్ధతిలో పెంకు గానీ తేలిక రేకు గానీ చెబుతాను. మనుషులు వేరే ఊళ్ళో ఉంటే ఠికాదారే, కానీ కాగితం గట్టిగా, ఊళ్ళో ఒక బావనో బాబాయినో వారానికి రెండుసార్లు వెళ్ళి చూసేలా. సిమెంటు గోడల ఇల్లు, రేకులే కావాలంటే ఫ్యాబ్రికేటరు, బెల్టు పని మాత్రం మేస్త్రిది. శ్లాబ్ అయితే ఎవరికి ఇచ్చినా ఇంజనీరు ఆ రెండు రోజులు రావాలి.

మా రెండో కప్పు 2022 మార్చిలో పూర్తయింది. జులైలో మహేంద్రగిరి వైపు నుంచి మూడు రోజులు వదలని ముసురు పట్టింది, వంటింటి మూలలో చిన్న తడి కనిపించింది. సాయంత్రం ఫోన్ చేస్తే మర్నాడు వాన ఆగగానే మేస్త్రి గారు తనే నిచ్చెన వేసుకుని ఎక్కారు, రెండు స్క్రూలు వంకరగా దిగాయి, వాషర్లు నలిగాయి. మార్చి, పైనుంచి బకెట్ల కొద్దీ నీళ్ళు పోయించి, కింద నన్ను నిలబెట్టి చూడమన్నారు. చుక్క పడలేదు. ఆగిన పదో వంతు ఆ మధ్యాహ్నమే ఆయన చేతిలో పెట్టాం.